పాఠకుల ప్రశ్నలు: సర్వర్ పలకనప్పుడు స్క్రిప్టు ఏం చెయ్యాలి?

ఈ నెల ప్రశ్నలన్నీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చినవే. అన్నీ పైథాన్‌లో 'రిక్వెస్ట్స్' లైబ్రరీతో హెచ్‌టీటీపీ రిక్వెస్టులు పంపడం గురించే. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో వేస్తున్నాం. కోడ్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషులోనే కొట్టాలి.

ప్రశ్న: ఇందుకూరుపేట దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. గంటగంటకీ ఓపెన్-మీటియో అనే వాతావరణ సైటు నుంచి వాన సూచన తెచ్చుకుని, వాన పడేట్టుంటే ఫోన్‌కి మెసేజ్ పెట్టే స్క్రిప్టు రాసుకున్నాం. రెండు మూడు రోజులు బాగానే నడుస్తుంది. తర్వాత ఏదో ఒక రాత్రి ఆగిపోతుంది. ఎర్రర్ ఏమీ రాదు, నల్ల విండో అట్టాగే నిలబడి ఉంటుంది. పైగా మధ్యాహ్నం మూడింటికి పడాల్సిన వానని పొద్దున తొమ్మిది, పది మధ్యలో చూపిస్తోంది. ఏంది కారణం?

జవాబు: ఇవి రెండు వేరువేరు తప్పులు. ముందు ఆగిపోవడం సంగతి.

మీరు పంపిన కోడ్‌లో రిక్వెస్ట్స్.గెట్ లోపల అడ్రసు ఒక్కటే ఉంది, టైమవుట్ లేదు. ఈ లైబ్రరీ తనంతట తాను ఏ గడువూ పెట్టదు. రిక్వెస్టు వెళ్లిపోయాక, జవాబు రాకముందే కరెంటు పోయి రూటర్ ఆగిందనుకోండి. కంప్యూటర్ యూపీఎస్ మీద ఉంది కాబట్టి స్క్రిప్టు నడుస్తూనే ఉంటుంది. అది పంపాల్సింది పంపేసింది, ఇక వినడమే మిగిలింది. అవతలి లైను తెగిందని దానికి చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అందుకే ఎర్రర్ లేకుండా అట్టాగే కూర్చుంటుంది, తెల్లారేదాకా అయినా సరే.

టైమవుట్‌కి రెండు అంకెలివ్వండి: (5, 30). మొదటిది కనెక్షన్ కుదరడానికి గడువు, రెండోది జవాబు కోసం ఆగే గడువు. రెండోదాన్ని చాలామంది మొత్తం పనికి గడువు అనుకుంటారు. కాదు. ఒక ముక్క డేటా వచ్చాక ఇంకో ముక్క రావడానికి మధ్య ఎంతసేపు ఆగాలన్నదే అది. సర్వర్ 20 సెకన్లకి ఒక ముక్క చొప్పున విదిలిస్తుంటే ఈ గడువు ఎప్పటికీ దాటదు. మీకు వచ్చేది చిన్న జేసన్ (డేటాని పాఠంగా పంపే ఒక పద్ధతి) కాబట్టి ఇబ్బంది లేదు.

తర్వాత 'రెయిజ్ ఫర్ స్టేటస్' పిలవండి. అది లేకపోతే 500 (సర్వర్లో తప్పు) వచ్చినా 404 (ఆ అడ్రసులో ఏమీ లేదు) వచ్చినా స్క్రిప్టు ముందుకెళ్లి, ఎక్కడో జేసన్ విప్పే చోట బోర్లా పడుతుంది. మీరేమో అక్కడ తప్పు వెతుకుతుంటారు. ఈ రెండింటినీ 'ట్రై'లో పెట్టి, 'రిక్వెస్ట్ ఎక్సెప్షన్'ని పట్టుకోండి. టైమవుట్, కనెక్షన్ ఎర్రర్, హెచ్‌టీటీపీ ఎర్రర్ మూడూ దాని కిందికే వస్తాయి. పేరేమీ లేకుండా ఉత్త 'ఎక్సెప్ట్' మాత్రం రాయొద్దు. అది మీరు కొట్టే కంట్రోల్-సీని కూడా మింగేస్తుంది, స్పెల్లింగ్ తప్పుల్ని కూడా మింగేస్తుంది.

గంటసేపు 'స్లీప్' పెట్టి అంతులేని లూప్ తిప్పేకంటే, ఒక్కసారి నడిచి ముగిసిపోయే స్క్రిప్టు రాసి విండోస్ టాస్క్ షెడ్యూలర్‌కి అప్పగించడం మేలు. అక్కడా ఒక మెలిక ఉంది. పని ఎంతసేపు నడిస్తే ఆపెయ్యాలి అన్న సెట్టింగు మామూలుగా 3 రోజులుంటుంది. పాతది నడుస్తుండగా కొత్తది మొదలుపెట్టొద్దు అన్న సెట్టింగు కూడా ముందే ఉంటుంది. అంటే ఒక్కసారి ఇరుక్కుంటే మూడు రోజులు సూచన రాదు. ఆ 3 రోజుల్ని 1 గంటకి తగ్గించండి.

ఇక మెసేజ్ రాకపోతే మీరు ఏమనుకుంటారు? వాన లేదనుకుంటారు. సూచన అందలేదన్న సంగతి మీకు తెలిసే దారే లేదు. చివరిసారి సరైన డేటా వచ్చిన టైము ఒక ఫైల్లో రాయించండి. అది 3 గంటలు దాటితే 'సూచన అందడం లేదు' అని వేరే మెసేజ్ పంపించండి. కాకపోతే ఆ మెసేజ్ పంపడానికీ నెట్టే కావాలి. కాబట్టి రోజూ సాయంత్రం ఆరింటికి 'నడుస్తున్నాను' అని ఒక మెసేజ్ వచ్చేట్టు పెట్టుకుంటే, అది రానిరోజు మీరే వెళ్లి చూసుకోవచ్చు. మబ్బు పట్టిన రోజు నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఏరేటర్లు ఎప్పుడు వెయ్యాలో ఈ మెసేజ్ చూసి నిర్ణయించేవాళ్లకి, మాట్లాడకుండా చచ్చిపోయే స్క్రిప్టు కంటే అసలు స్క్రిప్టు లేకపోవడమే నయం.

టైము తేడా సంగతి తేలిక. మీరు టైమ్‌జోన్ అడగలేదు కాబట్టి అది జీఎంటీ లెక్కలో ఇస్తోంది. మన టైము దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. రిక్వెస్టులో 'టైమ్‌జోన్' అని చేర్చి 'ఏషియా/కోల్‌కతా' ఇవ్వండి. వచ్చిన టైముకి మీరే ఐదున్నర గంటలు కలిపే పని పెట్టుకోవద్దు, తేదీ మారే చోట పొరపాటు పడతారు. 14.44, 79.99 అని మీరిచ్చింది నెల్లూరు టౌను. చెరువు దగ్గర నిలబడి ఫోన్ మ్యాపులో చూసి ఆ అంకెలివ్వండి. ఇంకో మాట: 15:00 ఎదురుగా ఉన్న వాన అంకె, అంతకు ముందు గంటలో, అంటే రెండు నుంచి మూడు లోపల పడే మొత్తం.

ప్రశ్న: కావలిలో మాది ప్రైవేటు స్కూలు. బడికి రాని పిల్లల తల్లిదండ్రులకి ఎస్సెమ్మెస్ పంపే స్క్రిప్టు ఉంది. మా తరఫున ఎస్సెమ్మెస్‌లు పంపే గేట్‌వే కంపెనీ ఇచ్చిన అడ్రసుకి పోస్ట్ రిక్వెస్టు పంపుతాం. జవాబు రాకపోతే మూడుసార్లు మళ్లీ ప్రయత్నించేట్టు రాశాం. కొందరికి ఒకే మెసేజ్ రెండు మూడు సార్లు వెళ్తోంది, కొందరికి అసలు వెళ్లడం లేదు. బిల్లు మాత్రం మేం అనుకున్నదానికి మూడింతలు వస్తోంది. ఏం చెయ్యాలండీ?

జవాబు: జవాబు రాలేదంటే పని జరగలేదని కాదు. మీ రిక్వెస్టు గేట్‌వేకి చేరి, మెసేజ్ వెళ్లిపోయి, 'పంపేశాం' అన్న జవాబు మాత్రం దారిలో పోయి ఉండొచ్చు. మీ స్క్రిప్టుకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. గెట్ రిక్వెస్టు అయితే పదిసార్లు పంపినా నష్టం లేదు, చూడ్డమే కదా. పోస్ట్ అట్టా కాదు, పంపిన ప్రతిసారీ పని కొత్తగా జరగొచ్చు.

ఎప్పుడు మళ్లీ పంపొచ్చో విడదీసి చూద్దాం. 'కనెక్ట్ టైమవుట్' వస్తే కనెక్షనే కుదరలేదు, రిక్వెస్టు గడప దాటలేదు. నిశ్చింతగా మళ్లీ పంపండి. 'రీడ్ టైమవుట్' వస్తే రిక్వెస్టు వెళ్లింది, పంపొద్దు. 'కనెక్షన్ ఎర్రర్' దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. పేరు కనుక్కోలేకపోవడం, అవతల తలుపు మూసి ఉండడం అయితే రిక్వెస్టు వెళ్లనట్టే. కానీ రిక్వెస్టు అందుకున్నాక సర్వర్ లైను తెంపేసినా ఇదే పేరుతో ఎర్రర్ వస్తుంది. కాబట్టి ఆ పేరు చూసి ధైర్యం చెయ్యకండి. 429 వస్తే మీరు మరీ వేగంగా పంపుతున్నారని అర్థం. 'రీట్రై-ఆఫ్టర్' హెడర్ ఉంటే అందులో ఎన్ని సెకన్లుంటే అంతసేపు ఆగి పంపండి. అందులో సెకన్లకి బదులు తేదీ, టైము కూడా రావచ్చు, రెండింటికీ కోడ్ ఉండాలి. 400 వస్తే మీరు పంపినదాంట్లోనే తప్పుంది, వందసార్లు పంపినా అదే జవాబు. 502, 504 మధ్యలో ఉన్న సర్వర్ చెప్పే మాటలు. వెనకాల పని జరిగిందో లేదో దానికే తెలియదు. వీటిని రీడ్ టైమవుట్‌తో పాటే కట్టండి.

రిక్వెస్ట్స్ కింద పనిచేసే 'యూఆర్ఎల్‌లిబ్3'లో 'రీట్రై' అనే ఏర్పాటుంది. అది గెట్, పుట్, డిలీట్ లాంటివి మళ్లీ పంపుతుంది గానీ పోస్ట్‌ని కావాలనే వదిలేస్తుంది. నెట్‌లో దొరికిన కోడ్ చూసి మీవాళ్లు అనుమతించిన మెథడ్ల జాబితాలో పోస్ట్‌ని చేర్చారు. ముందు అది తీసెయ్యండి.

అసలు మందు ఖాతా రాసుకోవడం. ఎస్‌క్యూలైట్‌లో (ఒక్క ఫైల్లో ఇమిడే చిన్న డేటాబేసు) ఒక టేబులు పెట్టి, విద్యార్థి నంబరు, తేదీ, మెసేజ్ రకం మూడూ కలిపి ఒకే వరస ఉండేట్టు 'యునీక్' పెట్టండి. రిక్వెస్టు పంపక ముందే 'పంపుతున్నాం' అని రాయండి. జవాబు రాగానే గేట్‌వే ఇచ్చిన మెసేజ్ ఐడీ రాసి 'అందుకున్నారు' అని మార్చండి. రీడ్ టైమవుట్ వస్తే 'అనుమానం'. మధ్యలో కరెంటు పోతే 'పంపుతున్నాం' దగ్గరే మిగిలిపోయినవీ అనుమానం కిందే లెక్క. ఈ వరసల్ని గేట్‌వే రిపోర్టుతో సరిచూశాకే మళ్లీ పంపాలి. రోజుకి అయిదారు మించవు, ఆఫీసులో ఎవరైనా చూడొచ్చు. మీరిచ్చిన రిఫరెన్స్ నంబరు రెండోసారి వస్తే పంపకుండా ఆపే సౌకర్యం మీ గేట్‌వేలో ఉందేమో అడగండి. ఉంటే ఈ తంటా సగం తప్పుతుంది.

కొందరికి అసలు వెళ్లకపోవడానికి రెండు కారణాలు కనిపిస్తున్నాయి. మీ స్క్రిప్టు నంబరుని '+91'తో మొదలుపెట్టి, అడ్రసు చివర చేత్తో అతికిస్తోంది. అడ్రసులో ప్లస్ గుర్తుని అవతలి సర్వర్ ఖాళీగా చదువుతుంది, నంబరు చెడిపోతుంది. చేత్తో అతకడం మానేసి 'పారమ్స్' లేదా 'డేటా' ద్వారా ఇస్తే లైబ్రరీయే దాన్ని '%2బి'గా మార్చి పంపుతుంది. తండ్రి పేరులో '&' ఉన్న చోట మెసేజ్ సగంలో తెగిపోవడానికీ ఇదే కారణం. రెండోది, మెసేజ్ మీరు డీఎల్‌టీలో (ఎస్సెమ్మెస్ నమూనాల్ని టెలికాం కంపెనీల దగ్గర నమోదు చేసే ఏర్పాటు) నమోదు చేసిన టెంప్లేటుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. తేడా ఉంటే టెలికాం కంపెనీ ఆపేస్తుంది. గేట్‌వే మాత్రం మీకు అప్పటికే 200 ఇచ్చేసి ఉంటుంది. ఆ 200కి 'మీ కాగితం తీసుకున్నాం' అనే అర్థం, తల్లిదండ్రులకి చేరిందని కాదు. చేరిందో లేదో డెలివరీ రిపోర్టులో చూడాలి.

బిల్లు సంగతి. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు యూనికోడ్‌లో వెళ్తుంది కాబట్టి 70 మాత్రమే; అది దాటితే ముక్కకి 67 చొప్పున లెక్క. పైగా మనం నోటితో లెక్కపెట్టే అక్షరాలు వేరు, అది లెక్కపెట్టేవి వేరు. 'నెల్లూరు' మనకి మూడక్షరాలు. పైథాన్‌లో 'లెన్' వేసి చూడండి, 8 వస్తుంది: న, ఎత్వం, ల, పొల్లు, మళ్లీ ల, ఊత్వం, ర, ఉత్వం. మీరు పంపిన నమూనా మెసేజ్ 152 వచ్చింది, అంటే మూడు ముక్కలు, మూడు ఎస్సెమ్మెస్‌ల డబ్బులు. పొగడ్తలు, నమస్కారాలు తీసేసి 70లోకి దించి, ఆ పాఠాన్నే కొత్త టెంప్లేటుగా నమోదు చేయించండి. పంపే ముందు ప్రతి మెసేజ్‌కీ 'లెన్' చూసి, 70 దాటితే ఆపేట్టు రాయండి. పిల్లవాడి పేరు పొడుగైనప్పుడు అది అక్కరకొస్తుంది.

ప్రశ్న: ఒంగోలులో డిగ్రీ చదువుతున్నాను. ఒక తెలుగు పేజీని స్క్రిప్టుతో తెస్తే అక్షరాల బదులు నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు 'ఎ'లు, డిగ్రీ గుర్తులు వరసగా వస్తున్నాయి. బ్రౌజర్లో అదే పేజీ శుభ్రంగా కనిపిస్తోంది.

జవాబు: ఆ వరస చూడగానే చెప్పొచ్చు: యూటీఎఫ్-8లో వచ్చిన తెలుగుని ఐఎస్ఓ-8859-1 అనుకుని చదివారు. రెండూ అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతులే. తెలుగులో ప్రతి గుర్తూ మూడు బైట్లు, మొదటి బైటు అన్నిటికీ ఒకటే. అందుకే మూడేసి గుర్తులకి ఒకసారి అదే 'ఎ' వస్తోంది.

సర్వర్ హెడర్లో పేజీ రకం చెప్పి, లిపి సంకేతం చెప్పకపోతే, పాత హెచ్‌టీటీపీ నియమం ప్రకారం రిక్వెస్ట్స్ ఐఎస్ఓ-8859-1 అనుకుంటుంది. బ్రౌజర్ అయితే పేజీ లోపల మెటా ట్యాగులో ఉన్నది చూసుకుంటుంది. జవాబు వచ్చాక, 'టెక్స్ట్' తియ్యక ముందు, 'ఎన్‌కోడింగ్'కి 'యూటీఎఫ్-8' ఇవ్వండి. పేజీలోంచి కావాల్సింది ఏరే బ్యూటిఫుల్ సూప్ లైబ్రరీ వాడుతుంటే దానికి 'టెక్స్ట్' బదులు 'కంటెంట్' ఇస్తే మెటా ట్యాగు అదే చూసుకుంటుంది.

ఇప్పటికే చెడిపోయిన ఫైళ్లుంటే పారెయ్యొద్దు. ఆ పాఠాన్ని 'లాటిన్-1' (ఐఎస్ఓ-8859-1కే ఇంకో పేరు)లోకి ఎన్‌కోడ్ చేసి 'యూటీఎఫ్-8'గా డీకోడ్ చేస్తే తెలుగు తిరిగొస్తుంది, మధ్యలో ఎవరూ దాన్ని చేత్తో సరిదిద్ది ఉండకపోతే. రాసేటప్పుడు 'ఓపెన్'లో 'యూటీఎఫ్-8' అని చెప్పండి, లేకపోతే విండోస్‌లో 'చార్‌మ్యాప్' ఎర్రర్ వస్తుంది. సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరవాలంటే 'యూటీఎఫ్-8-సిగ్' వాడండి. జేసన్ ఫైల్లో తెలుగు బదులు బ్యాక్‌స్లాష్‌లు, అంకెలు వస్తే అది చెడిపోవడం కాదు. 'ఎన్ష్యూర్ ఆస్కీ'ని 'ఫాల్స్' చేస్తే చాలు.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి ఆఫీసు మాది. మాకు సభ్యత్వం ఉన్న ఒక సైటు నుంచి డాలర్ రేటు తెచ్చే స్క్రిప్టు 'లైన్ 1, కాలమ్ 1 దగ్గర విలువ లేదు' అని ఆగిపోతోంది. స్టేటస్ చూస్తే 200. బ్రౌజర్లో బాగానే వస్తోంది.

జవాబు: జేసన్ అనుకుని విప్పినది జేసన్ కాదు. ఏం వచ్చిందో కళ్లతో చూడండి. స్టేటస్, 'కంటెంట్-టైప్' హెడర్, చివరికి చేరిన అడ్రసు, 'హిస్టరీ', పాఠంలో మొదటి 200 అక్షరాలు, ఈ ఐదూ ప్రింటు చెయ్యండి. సగం చిక్కులు ఇక్కడే విడిపోతాయి.

సభ్యత్వం ఉన్న సైటు కాబట్టి వచ్చింది లాగిన్ పేజీ అయి ఉంటుంది. సెషన్ గడువు తీరాక సైటు 401 (ముందు లాగిన్ కావాలి) ఇవ్వాలి న్యాయంగా. చాలా సైట్లు అట్టా చెయ్యవు, 302తో లాగిన్ పేజీకి తోస్తాయి; లైబ్రరీ ఆ వెంటే వెళ్తుంది, ఆ పేజీ బాగానే తెరుచుకుంటుంది కాబట్టి 200. 'హిస్టరీ'లో ఆ 302 కనిపిస్తుంది. లాగిన్, రేటు తెచ్చే రిక్వెస్టు రెండూ ఒకే 'సెషన్' వస్తువు మీద నడవాలి, అప్పుడే కుకీలు వెంట వస్తాయి. కంటెంట్-టైప్‌లో జేసన్ లేకపోతే మళ్లీ ఒక్కసారి లాగిన్ చేసి ప్రయత్నించండి. ఒక్కసారే. లూప్‌లో పెడితే పాస్‌వర్డ్ మారినరోజు మీ ఖాతాకి తాళం పడుతుంది.

లాగిన్ పంపేటప్పుడు 405 (ఈ మెథడ్ ఇక్కడ చెల్లదు) వస్తోందని కూడా రాశారు. అడ్రసుని 'హెచ్‌టీటీపీ'తో మొదలుపెట్టారు, 'ఎస్' లేదు. సర్వర్ 301తో 'ఎస్' ఉన్నదానికి పంపింది. బ్రౌజర్ల అలవాటునే అనుసరించి లైబ్రరీ ఆ మలుపులో పోస్ట్‌ని గెట్‌గా మార్చేస్తుంది. మీరు పంపిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ అక్కడే రాలిపోతాయి. 307, 308 అయితే మార్చదు. అడ్రసు సరిచెయ్యండి. అసలు ఆ మొదటి రిక్వెస్టులో మీ పాస్‌వర్డ్ ఏ రక్షణా లేకుండా వెళ్లింది కాబట్టి దాన్నీ మార్చండి.

ఇవేవీ కాకపోతే రేటు జావాస్క్రిప్టుతో తర్వాత వస్తుండొచ్చు. బ్రౌజర్లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబులో ఆ రేటు ఏ రిక్వెస్టులో వస్తోందో వెతకండి. సైటు షరతులు ఒప్పుకుంటేనే దాన్ని స్క్రిప్టుతో పిలవాలి.

ప్రశ్న: సింగరాయకొండ నుంచి. మా కొట్లో పాత కంప్యూటర్లో ఏ సైటుకి రిక్వెస్టు పంపినా సర్టిఫికెట్ ఎర్రర్ వస్తోంది. 'వెరిఫై'ని 'ఫాల్స్' చేస్తే పనిచేస్తోంది. అట్టా ఉంచెయ్యొచ్చా?

జవాబు: వద్దు. అట్టా ఉంచితే అవతల ఉన్నది అసలు సర్వరో, మధ్యలో ఎవరైనా కూర్చున్నారో స్క్రిప్టు చూడదు. ఏపీఐ కీ (సైటు మీకిచ్చిన రహస్య తాళం లాంటి పదం) ఉంటే అదీ వాళ్ల చేతికి వెళ్తుంది. అన్ని సైట్లకీ వస్తోందంటే ముందు కంప్యూటర్ తేదీ చూడండి. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోతే స్విచ్ ఆపిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, సర్టిఫికెట్లన్నీ 'ఇంకా మొదలుకానివి' అయిపోతాయి. సీఆర్2032 బిళ్ల మార్చండి. తేదీ సరిగ్గా ఉంటే నమ్మదగ్గ సర్టిఫికెట్ల జాబితా ఉండే 'సర్టిఫై' (certifi) ప్యాకేజీని అప్‌డేట్ చెయ్యండి. ఒక్క సైటుకే వస్తే తప్పు ఆ సైటుది, మధ్య సర్టిఫికెట్ పెట్టడం మరిచిపోయి ఉంటారు, వాళ్లకి రాయండి.

ప్రశ్న: ముత్తుకూరు నుంచి. పెద్ద పీడీఎఫ్‌లు దించుతుంటే కొన్ని సగమే వస్తున్నాయి, ఎర్రర్ రావడం లేదు.

జవాబు: పాత వెర్షన్లలో జవాబు మధ్యలో తెగినా లైబ్రరీ నోరెత్తదు. యూఆర్ఎల్‌లిబ్3ని 2.0 లేదా ఆ పైదానికి మార్చండి, అది పొడుగు తగ్గితే ఎర్రర్ ఇస్తుంది. 'స్ట్రీమ్'ని 'ట్రూ' చేసి ముక్కలుగా, '.పార్ట్' అనే తోకతో ఉన్న ఫైల్లోకి రాయండి. మొత్తం వచ్చాకే అసలు పేరు పెట్టండి. అప్పుడు సగం ఫైలు ఎప్పుడూ అసలు పేరుతో కనిపించదు. ఆగిన చోటు నుంచి కొనసాగించాలంటే 'రేంజ్' హెడర్ పంపాలి. దానికి జవాబు 206 (అడిగిన ముక్క మాత్రమే పంపుతున్నాం) వస్తేనే పాత ముక్కకి అతికించండి. 200 వస్తే సర్వర్ మీ రేంజ్‌ని పట్టించుకోకుండా మొదటి నుంచీ పంపుతోందని అర్థం. పాత ముక్క చెరిపేసి కొత్తగా రాయండి.